క్యాథీ ఫ్రీమన్ కథను పిల్లలకు పూర్తిగా చెప్పండి

ఆస్ట్రేలియాలోని తెలుగు సంఘాల కార్యవర్గాలకు, తెలుగు బడుల ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధ్యక్షులకు, కార్యదర్శులకు, వారాంతపు విశ్రాంతిని వదులుకొని మన పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్న ఉపాధ్యాయులకు నమస్కారం.

మీ సంఘాల్లో ఒకటి పెట్టిన వక్తృత్వ పోటీకి పిల్లలకు ముందుగా ఇచ్చిన కాగితం నా చేతికి వచ్చింది. ఆస్ట్రేలియా గర్వించే వ్యక్తుల గురించి తెలుగులో మాట్లాడాలని అంశం. మంచి ఆలోచన. క్రికెటర్ల పేర్ల మధ్య క్యాథీ ఫ్రీమన్ పేరు కనిపించగానే సంతోషించాను. ఆ పేరు కింద ఇచ్చిన వివరం ఇది: పేద కుటుంబంలో పుట్టింది, కష్టపడి సాధన చేసింది, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో జ్యోతి వెలిగించింది, 400 మీటర్ల పరుగులో 49.11 సెకన్లతో స్వర్ణం గెలిచింది, కష్టపడితే ఎవరైనా ఏదైనా సాధించవచ్చని నిరూపించింది.

ఆమె ఈ దేశపు మూలవాసి అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. గెలిచాక ఆమె చేతుల్లో ఉన్న రెండో జెండా గురించి లేదు. ఆ జెండా పట్టుకున్నందుకు ఆరేళ్ళ ముందు ఆమె తిన్న చీవాట్ల గురించి లేదు. ఫ్రీమన్‌ను ఎంచుకున్న పిల్లలందరూ ఆ వరుసలోనే మాట్లాడి ఆ చివరి వాక్యంతోనే ముగించారు. వాళ్ళ తెలుగు ముచ్చటగా ఉంది. వాళ్ళను అనడానికి ఏమీ లేదు. పెద్దలు చేతికిచ్చిందే వాళ్ళు అప్పజెప్పారు. కాబట్టి అడగవలసింది మిమ్మల్నే.

స్టేడియం చుట్టూ సరిగ్గా ఒక్క చుట్టు, 400 మీటర్లు. ఆ దూరంలో ఈ దేశం కన్న అత్యుత్తమ పరుగుల మనిషి ఆమె. ఆ పరుగు కథను ఆమె జాతి కథ నుంచి విడదీసి చెప్పడం కుదరదు. విడదీస్తే మిగిలేది గోడకు అంటించే బొమ్మ మాత్రమే.

క్యాథీ 1973 ఫిబ్రవరి 16న క్వీన్స్‌లాండ్‌లోని మకాయ్ అనే చెరకు పట్టణంలో పుట్టింది. కుకు యలాంజి, బిర్రి గబ్బా అనే మూలవాసి జనాలకు చెందిన కుటుంబం. ఆమె అమ్మమ్మను చిన్నతనంలోనే తల్లి నుంచి వేరు చేసి తీసుకుపోయారు. అది ఎవరో దొంగలు చేసిన పని కాదు. ఒంటి రంగు కాస్త తేటగా ఉన్న మూలవాసుల పిల్లలను కన్నవారి నుంచి లాక్కొని ఆశ్రమాల్లోనో తెల్లవారి ఇళ్ళలోనో పెంచడం ఇక్కడ ప్రభుత్వ విధానంగా నడిచింది. 1910 నుంచి 1970 వరకు మూలవాసుల పిల్లల్లో కనీసం పదిమందికి ఒకరిని, కొన్నిచోట్ల ముగ్గురికి ఒకరిని ఇలా తీసుకుపోయారని 1997లో జాతీయ విచారణ నివేదిక తేల్చింది. ‘అపహృత తరాలు’ అని ఇప్పుడు ఈ దేశం మొత్తం గుర్తు చేసుకునేది వాళ్ళనే. తన అమ్మమ్మకు తన పుట్టినరోజు ఏదో కూడా తెలియదని, చనిపోయేనాటికి ఆమె వయసెంతో ఇంట్లో ఎవరూ చెప్పలేరని క్యాథీ ఒక సందర్భంలో చెప్పింది. తాతముత్తాతల పేర్లు, గోత్రాలు, ఊళ్ళు గడగడా చెప్పుకునే మనకు ఈ ఒక్క సంగతి చాలు, ఆ ఇంట్లో ఏం పోయిందో అర్థం కావడానికి.

కాగితంలో రాసిన ‘పేద కుటుంబం’ అన్న మాట వెనుక ఇంత ఉంది. పేదరికం చాలామందికి ఉంటుంది. ఈ ఇంటి పేదరికానికి చట్టం తోడుగా నిలిచింది.

బడి రోజుల్లో పరుగు పందేల్లో తాను ముందు వచ్చినా బహుమతులు తెల్లపిల్లల చేతికి వెళ్ళిన రోజులున్నాయని ఆమె పెద్దయ్యాక చెప్పుకుంది. ఆమె ప్రతిభను తొలుత గుర్తించి తర్ఫీదు ఇచ్చింది మారుతండ్రి బ్రూస్ బార్బర్. ప్రపంచంలో అందరికన్నా గొప్ప అథ్లెట్‌ను నేనే అన్న వాక్యం రాసి ఆమె పడకగది గోడకు అంటించాడు. పెద్దయ్యాక ఏమవుతావని బడిలో అడిగితే పద్నాలుగేళ్ళ ఆ పిల్ల ఒలింపిక్ స్వర్ణం గెలుస్తానంది. క్యాథీకి ఆన్-మేరీ అనే అక్క ఉండేది. కాళ్ళూచేతుల కదలికను దెబ్బతీసే సెరిబ్రల్ పాల్సీతో పుట్టింది. 1990లో ఆక్లాండ్ కామన్వెల్త్ క్రీడల్లో 4×100 రిలే జట్టుతో క్యాథీ స్వర్ణం గెలిచినప్పుడు ఆమెకు ఇంకా పదహారేళ్ళే. ఆమె తిరిగి వచ్చిన కొద్ది రోజులకే ఆన్-మేరీ కన్నుమూసింది. రెండు కాళ్ళూ చక్కగా పనిచేసే తాను ఇక పరుగును ఆషామాషీగా తీసుకోకూడదని ఆ రోజే నిశ్చయించుకున్నానని క్యాథీ తర్వాత అనేకసార్లు చెప్పింది.

ఇక మీ కాగితంలో లేని ముఖ్యమైన ఏడాది 1994. కెనడాలోని విక్టోరియా నగరంలో కామన్వెల్త్ క్రీడలు. ఇరవై ఒక్కేళ్ళ క్యాథీ 400 మీటర్లు గెలిచింది. గెలవగానే ఎరుపు, నలుపు, మధ్యలో పసుపు సూర్యుడు ఉన్న మూలవాసుల జెండాను భుజాన వేసుకొని ట్రాక్ చుట్టింది. తర్వాత ఆస్ట్రేలియా జెండానూ అందుకుంది. ఆ మూలవాసుల జెండాను 1971లో హెరాల్డ్ థామస్ అనే మూలవాసి చిత్రకారుడు రూపొందించారు. నలుపు జనానికి, ఎరుపు మట్టికి, పసుపు సూర్యుడికి గుర్తు. 1994 నాటికి అది ఈ దేశపు అధికారిక పతాకం కాదు. జట్టు నాయకత్వంలో ఉన్న ఆర్థర్ టన్‌స్టాల్ ఆమెను బహిరంగంగా మందలించారు. ఆస్ట్రేలియా జెండా తప్ప మరొకటి పట్టుకోకూడదన్నారు.

ఆమె ఏం చేసిందో పిల్లలకు తప్పకుండా చెప్పండి. కొద్దిరోజుల్లో 200 మీటర్ల పరుగు ఉంది. దాన్నీ గెలిచింది. మళ్ళీ రెండు జెండాలూ పట్టుకుంది.

పెద్దవాళ్ళ మాట వినమని పిల్లలకు చెప్పే సంఘాలు మనవి. ఈ ఘట్టం చెప్పాలంటే మీకు కొంత ఇబ్బందిగా ఉండవచ్చు. కానీ ఆమె మాట వినకపోవడంలో గలాటా లేదు, తిట్టు లేదు, దేశం మీద కోపం కూడా లేదు. రెండు జెండాలనూ కలిపి పట్టుకుంది. ఒకటి వదిలేయమన్నందుకు మరింత గట్టిగా పట్టుకుంది. మరుసటి ఏడాది, 1995 జూలైలో, ప్రభుత్వం ఆ జెండాను అధికారికంగా ఆస్ట్రేలియా పతాకాల్లో ఒకటిగా ప్రకటించింది. ఆమె ఒక్కదాని వల్లే అలా జరిగిందని చెప్పను. దాని వెనుక పాతికేళ్ళ పోరాటం ఉంది. కానీ ఈ రోజు మన పిల్లల బడుల ముందు ఆ జెండా ఎగురుతుంటే, దాన్ని పట్టుకున్నందుకు ఒక అమ్మాయిని తప్పుపట్టిన కాలం వాళ్ళ తల్లిదండ్రుల వయసులోదేనని పిల్లలకు తెలియాలి.

ఇప్పుడు అట్లాంటా. ఇది మన తల్లిదండ్రులు వినవలసిన భాగం.

400 మీటర్ల పరుగు చూసేవారికి సులువుగా కనిపిస్తుంది. మొదటి నుంచి చివరి దాకా పూర్తి వేగంతో పరుగెత్తగల మనిషి లేడు. మూడు వందల మీటర్లు దాటేసరికి కండరాల్లో ఆమ్లత్వం పేరుకొని కాళ్ళు బిగుసుకుపోతాయి. అక్కడి నుంచి గెలిచేవాళ్ళు వేగం పెంచరు, మిగతావాళ్ళకన్నా తక్కువగా నెమ్మదిస్తారు. ఎక్కడ ఎంత ఖర్చు పెట్టాలో, ఎంత దాచుకోవాలో ఒంటికి తెలిసి ఉండాలి. దానికి ఏళ్ళు పడుతుంది. క్యాథీకీ పట్టింది. 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో ఆమె రెండో రౌండ్ దాటలేదు. 1995 ప్రపంచ పోటీల్లో నాలుగో స్థానం. 1996 అట్లాంటా ఒలింపిక్ ఫైనల్లో ఫ్రాన్స్‌కు చెందిన మరీ-జోస్ పెరెక్‌తో చివరి మలుపు దాటాక కూడా భుజం భుజం కలిపి పరుగెత్తింది. పెరెక్ 48.25, క్యాథీ 48.63. రజతం.

ఆ 48.63 చూడండి. సిడ్నీలో స్వర్ణం తెచ్చిన 49.11 కన్నా అది దాదాపు అర సెకను వేగం. ఆమె జీవితంలోనే అత్యుత్తమ పరుగు అది. ఆస్ట్రేలియా జాతీయ రికార్డుగా ఇప్పటికీ నిలిచి ఉంది. ఆ అట్లాంటా పరుగులో కాంస్యం గెలిచిన నైజీరియా అమ్మాయి ఫలిలత్ ఒగున్‌కోయా 49.10లో ముగించింది. అంటే నాలుగేళ్ళ తర్వాత స్వర్ణం తెచ్చిన పరుగు, అట్లాంటాలో అయితే నాలుగో స్థానంలో ఉండేది.

సెలెక్టివ్ స్కూలు పరీక్షలకు పిల్లలను వరుస ట్యూషన్లకు తిప్పుతూ, ఎన్నో ర్యాంకు అని మాత్రమే అడిగే మన ఇళ్ళకు ఈ అంకెలు చేరాలి. ఆమె అత్యంత గొప్పగా పరుగెత్తిన రోజు ఆమెది రెండో స్థానం. ప్రపంచం నెత్తిన పెట్టుకున్న రోజు ఆమె వేగం అంతకన్నా తక్కువ. గెలుపు ఎదుట ఎవరున్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. కష్టపడితే ఎవరైనా ఏదైనా సాధించవచ్చన్న మీ కాగితంలోని వాక్యం అట్లాంటాను వివరించలేదు. క్యాథీ కన్నా ఎక్కువ కష్టపడడం ఆ రోజు ఎవరికీ సాధ్యం కాదు.

1997లో ఏథెన్స్‌లోనూ 1999లో సెవిల్‌లోనూ ఆమె ప్రపంచ విజేత. మధ్యలో 1998లో పాదం గాయంతో బాధపడింది. ఆ ఏడాదే ‘ఆస్ట్రేలియన్ ఆఫ్ ది ఇయర్’ పురస్కారం వచ్చింది. 1990లో ఇదే పురస్కారాన్ని యువతరం విభాగంలో అందుకుంది.

ఇక సిడ్నీ. అందరికీ తెలిసిన రోజే అయినా, దాని ముందరి నెలలు చాలామందికి తెలియవు. 2000 ఏప్రిల్‌లో ఆనాటి ప్రభుత్వం పార్లమెంటు విచారణకు ఇచ్చిన నివేదనలో, తీసుకుపోయిన పిల్లలు పదిమందికి ఒకరిని మించరు కాబట్టి ‘తరం’ అన్న మాటే సరికాదని వాదించింది. ప్రధాని జాన్ హోవర్డ్ ప్రభుత్వం తరఫున క్షమాపణ చెప్పడానికి ఒప్పుకోలేదు. మే 28న రెండున్నర లక్షల మంది సిడ్నీ హార్బర్ వంతెన మీద నడిచి మూలవాసులకు మద్దతు తెలిపారు. ఒలింపిక్స్‌కు రెండు నెలల ముందు, జూలైలో, క్యాథీ ఒక బ్రిటిష్ పత్రికతో తన అమ్మమ్మ గురించి మాట్లాడి, ప్రభుత్వం ఈ గాయాన్ని ఇలా తేలిక చేయడం తనను బాధించిందని చెప్పింది. పోటీకి ముందు ఏ క్రీడాకారిణి అయినా నోరు మెదపకుండా ఉండాలని సలహాదారులు చెప్పే కాలం అది. దేశమంతా ఆమె బొమ్మను గోడలకెక్కించిన కాలం కూడా అదే. ఆమె మాట్లాడింది.

సెప్టెంబరు 15 రాత్రి ఆరంభోత్సవం. ఒలింపిక్స్‌లో మహిళలు పాల్గొనడం మొదలై నూరేళ్ళయిన సందర్భంగా స్టేడియం లోపల జ్యోతిని చేతులు మార్చినవారంతా ఆస్ట్రేలియా మహిళా విజేతలే. మొదట చక్రాల కుర్చీలో బెట్టీ కత్‌బర్ట్, ఆమె కుర్చీని నెడుతూ రేలీన్ బాయిల్. బెట్టీ గురించి ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో పద్దెనిమిదేళ్ళ వయసులో 100, 200, రిలే మూడు స్వర్ణాలు గెలిచి, 1960 రోమ్‌లో గాయపడి, 1964 టోక్యోలో ఒలింపిక్ చరిత్రలో తొలిసారి పెట్టిన మహిళల 400 మీటర్లు గెలిచింది ఆమె. 100, 200, 400 మూడింటిలోనూ ఒలింపిక్ స్వర్ణం ఉన్నది ప్రపంచంలో ఆమెకు ఒక్కరికే. తర్వాత మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఆ కాళ్ళను తీసుకుపోయింది. ఆ వరుసలోనే 1988 సియోల్‌లో 400 మీటర్ల హర్డిల్స్ గెలిచిన డెబీ ఫ్లింటాఫ్-కింగ్ కూడా ఉంది. చివరికి జ్యోతి క్యాథీ చేతికి వచ్చింది. ఒక్క చుట్టు పరుగుల్లో ఈ దేశపు పూర్వ విజేతలు ఇద్దరు, ఇంకా పరుగెత్తవలసిన మూడో ఆమె, ఒకే రాత్రి ఒకే ట్రాక్ మీద. యంత్రం మొరాయించి జ్యోతిపాత్ర కొన్ని నిమిషాలు పైకి కదలకపోతే, నీటి కొలను మధ్యలో తడిసిన బట్టలతో క్యాథీ నిశ్చలంగా నిలబడే ఉంది.

పది రోజుల తర్వాత, సెప్టెంబరు 25న, స్టేడియంలో 1,12,524 మంది. పెరెక్ అంతకుముందే సిడ్నీ వదిలి వెళ్ళిపోయింది కాబట్టి క్యాథీ గెలవకపోతే సాకు లేదు. ఆమెకు ఆరో లేన్ వచ్చింది. 400 మీటర్లలో బయటి లేన్లవాళ్ళు ముందు నుంచి మొదలుపెడతారు. లోపలి లేన్లలో ఉన్న ప్రధాన ప్రత్యర్థులు వెనుక ఉంటారు, కనిపించరు. చివరి మలుపు దగ్గర జమైకాకు చెందిన లొరెయిన్ గ్రాహం, బ్రిటన్‌కు చెందిన క్యాథరిన్ మెర్రీ ఆమెకు సమానంగా వచ్చేశారు. తిన్నని దారి మీదికి వచ్చాక క్యాథీ తన దగ్గర దాచుకున్నదంతా బయటికి తీసింది. 49.11. గ్రాహం 49.58, మెర్రీ 49.72.

గెలిచాక ఆమె నవ్వలేదు, చేతులు ఎత్తలేదు. పరుగు దుస్తులకే కుట్టి ఉన్న తల ముసుగును వెనక్కి తీసి ట్రాక్ మీద కూర్చుండిపోయింది. కాసేపటికి బూట్లు విప్పి, రెండు జెండాలనూ ముడివేసి పట్టుకొని, ఒట్టి కాళ్ళతో చుట్టు తిరిగింది. విక్టోరియాలో ఏ జెండాకు మందలించారో ఆ జెండానే. ఈసారి మందలించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు. 1994 చెప్పకుండా ఈ దృశ్యం చెబితే అది అందమైన రంగుల గుడ్డ. 1994 చెప్పి ఇది చెబితే, ఎనిమిదేళ్ళ పిల్లకు కూడా ఆ ముడి ఎందుకు వేసిందో అర్థమవుతుంది.

2002 మాంచెస్టర్ కామన్వెల్త్ క్రీడల్లో రిలే స్వర్ణం తర్వాత, 2003లో ముప్ఫై ఏళ్ళ వయసులో ఆమె పరుగు ఆపేసింది. 2007లో మూలవాసుల పిల్లల చదువు కోసం తన పేరిట ఒక సంస్థ పెట్టి, పామ్ ఐలాండ్‌లో పని మొదలుపెట్టింది. మూలవాసులను ఊళ్ళ నుంచి తరలించి ఉంచిన దీవి అది. ఆమె తల్లి కుటుంబానికి ఆ దీవితో బంధం ఉంది.

ఒక్క స్వర్ణంతో దేశం మారిపోయిందని పిల్లలకు చెప్పవద్దు. అపహృత తరాలకు ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2008 ఫిబ్రవరి 13న, సిడ్నీ పరుగు అయిన ఏడేళ్ళకు. 2023 అక్టోబరు 14న మూలవాసుల మాట పార్లమెంటుకు వినిపించే ఒక సలహా మండలిని రాజ్యాంగంలో చేర్చాలా అని అడిగితే నూటికి అరవై మంది వద్దన్నారు, ఆరు రాష్ట్రాలూ వద్దన్నాయి. ఆ ఓటు మనలో పౌరసత్వం తీసుకున్నవారంతా వేశారు. ఎటు వేశారని అడగడం నా ఉద్దేశం కాదు. ఆ వారాల్లో మన వాట్సాప్ బృందాల్లో వచ్చిన చర్చలు చదివినప్పుడు, అటు వేస్తామన్నవారికీ ఇటు వేస్తామన్నవారికీ ఈ దేశపు మూలవాసుల గురించి పెద్దగా తెలియదనిపించింది. తెలియకపోవడం మన నేరం కాదు. మన పౌరసత్వ పరీక్ష పుస్తకంతోనే ఆ చదువు ఆపేశాం. పిల్లల విషయంలో అలా ఆపేయకూడదు.

ఇంకో సంగతి రాయకుండా ఉండలేను. జనవరి 26. మన సంఘాలన్నీ ఆ రోజు భారత గణతంత్ర దినోత్సవం జరుపుతాయి. అదే రోజు ఆస్ట్రేలియా దినోత్సవం కాబట్టి కొన్ని చోట్ల రెండూ కలిపి జరుపుతున్నారు. 1788లో ఆ రోజున బ్రిటిష్ నౌకాదళాధికారి ఆర్థర్ ఫిలిప్ సిడ్నీ తీరంలో బ్రిటిష్ జెండా నాటాడు. నూట యాభై ఏళ్ళ తర్వాత, 1938 జనవరి 26న, తెల్లవారు ఉత్సవాలు చేసుకుంటుంటే విలియం కూపర్, జాక్ పాటెన్, విలియం ఫెర్గూసన్ వంటి మూలవాసి నాయకులు సిడ్నీలో సమావేశమై దాన్ని సంతాప దినంగా పాటించారు. ఆ 1938లోనే, ఆ జనవరి 26నే, మన తాతలు పూర్ణ స్వరాజ్య ప్రతిజ్ఞ చదువుకుంటూ దాన్ని స్వాతంత్ర్య దినంగా పాటిస్తున్నారు. 1930 నుంచీ ఏటా పాటించారు. ఒకే సామ్రాజ్యం మీద, ఒకే తేదీన, సముద్రానికి ఇటూ అటూ రెండు జనాలు గొంతెత్తాయి. మన జెండా వందనం మానేయమని నేను అడగడం లేదు. అది మనది, మానకూడదు. ఆ వేదిక మీద మూడు నిమిషాలు ఈ మాట కూడా చెప్పండి. మనకన్నా బాగా దీన్ని అర్థం చేసుకోగలవారు ఈ దేశంలో ఎక్కువమంది ఉండరు.

మన సభల ఆరంభంలో ఈ నేల అసలు సంరక్షకులకు వందనం అంటూ ఒక ఇంగ్లీషు వాక్యం చదువుతున్నాం. మైకు పరీక్షించే హడావుడిలో, ఎవరూ వినకుండా అది గడిచిపోతోంది. పూజ మొదలుపెట్టే ముందు సంకల్పంలో మనం ఏ ద్వీపంలో, ఏ నది ఒడ్డున, ఏ దిక్కున నిలబడ్డామో చెప్పుకోనిదే ముందుకు పోము కదా. ఈ వందనం కూడా అలాంటిదే. మెల్‌బోర్న్‌లో అయితే కులిన్ జనంలోని వురుండ్జెరి వారి పేరు, మీ ఊళ్ళో అయితే మీ ఊరి జనం పేరు చెప్పి, మంచి తెలుగులో, పిల్లల చేత చదివించండి.

ఇవన్నీ మనకెందుకు, మనం వచ్చి ఎంతకాలమైందని అనేవారు ఉంటారు. వారికి నా జవాబు వరంగల్ జిల్లా నుంచి ఉంది. పర్వతగిరి మండలం కల్లెడకు చెందిన జీవాంజి దీప్తి కూడా ఈ 400 మీటర్ల పరుగు మనిషే. మేధోపరమైన వైకల్యంతో పుట్టిన ఆ బిడ్డను ఊళ్ళో ఎన్ని మాటలన్నారో, కూలి చేసుకునే ఆ తల్లిదండ్రులు ఎంత ఏడ్చారో వాళ్ళే పత్రికలకు చెప్పారు. 2024 మేలో జపాన్‌లోని కోబెలో ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో, మేధోపరమైన వైకల్యం ఉన్నవారి కోసం పెట్టిన టీ20 విభాగంలో, 55.07 సెకన్లతో ప్రపంచ రికార్డు పెట్టి స్వర్ణం గెలిచింది. ఆ సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది. మన సంఘాలు అభినందనల పోస్టర్లు వేశాయి. వాటిలో పతకం ఉంది. ఆమెను అన్న మాటలు లేవు. అనినవారిలో మనవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఆ మాటలను మరిచిపోవడం మనకు సుఖం. క్యాథీ విషయంలో ఈ దేశం చేసిందీ అదే, మనం మన పిల్లల కాగితంలో చేస్తున్నదీ అదే. పతకాన్ని తీసుకొని మనిషిని వదిలేస్తున్నాం.

మీరు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి, ఏదీ ఖర్చుతో కూడినది కాదు. పోటీల కాగితాల్లో ఆమె పేరు కింద ఆమె జాతి పేరు రాయండి, విక్టోరియా రాయండి, అట్లాంటా రాయండి. ‘ఎవరైనా ఏదైనా’ అన్న వాక్యం కొట్టేయండి. సిడ్నీలో ఉన్న తెలుగు బడులు ఒక ఆదివారం పిల్లలను హోమ్‌బుష్‌లోని ఒలింపిక్ పార్కుకు తీసుకువెళ్ళండి. ఆమె వెలిగించిన జ్యోతిపాత్రను ఆమె పేరు పెట్టిన ఉద్యానంలోనే నిలబెట్టారు. మీ ప్రాంతపు మూలవాసి పెద్దలను ఉగాది వేడుకకు అతిథులుగా పిలవండి. దీపం వెలిగించి వెళ్ళిపోయే అతిథిగా పిలవద్దు. కూర్చోబెట్టి మాట్లాడించి, పచ్చడి పెట్టి, భోజనం చేయించి పంపండి.

బాలికల తల్లిదండ్రులకు మీ వేదికల నుంచి ఒక మాట కూడా చెప్పండి. శనివారం ఉదయాల్లో లిటిల్ అథ్లెటిక్స్ మైదానాల్లో మన ఆడపిల్లలు ఏడెనిమిదేళ్ళప్పుడు ఎంతోమంది కనిపిస్తారు. పన్నెండు దాటేసరికి దాదాపు ఎవరూ కనిపించరు. ట్యూషన్లకో, ఎండకు నల్లబడతారనో ఆపేస్తున్నారు. ఎండకు నల్లబడతారని ఆపేసిన ఇంటి నుంచే క్యాథీ ఫ్రీమన్ మీద ప్రసంగానికి పిల్లను పంపడం నాకు చాలా బాధ కలిగిస్తోంది.

వచ్చే పోటీకి క్యాథీ మీద పాఠం నేను రాసి ఇస్తాను. చిన్నపిల్లలకు ఒకటి, పదేళ్ళు దాటినవారికి ఒకటి, రెండూ తెలుగులో. మీ సంఘం పేరు, తరగతి వయసు, ఎంత నిడివి కావాలో తెలియజేయండి. మీ బడికి వచ్చి చెప్పమన్నా వస్తాను.

నమస్కారాలతో,
మెల్‌బోర్న్‌లో ఇద్దరు పిల్లలను పెంచుతున్న ఒక తెలుగు తల్లి